జీడిమెట్ల షెడ్డు ఖాళీ చేసి సొంత భూమికి వెళ్లిపోవచ్చా?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెబుతాను. హైదరాబాద్ జీడిమెట్లలో అద్దె షెడ్డులో సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే) మెషిన్లు పెట్టుకుని విడిభాగాలు చేస్తున్నారు. అద్దె బాగా పెరిగింది. షాద్‌నగర్ దాటాక మీ మామగారికి రోడ్డు పక్కన భూమి ఉంది. మెషిన్లన్నీ అక్కడికి మార్చేస్తే అద్దె మిగులుతుంది కదా, మార్చేయొచ్చా అని అడిగారు. దాంతోపాటు ఇంకో మాట కూడా అడిగారు: పెద్ద కంపెనీలు ప్లాంట్లను ఊళ్లకు తరలించి, ఆఫీసులను మాత్రం ఇంత ఖరీదైన హైదరాబాద్‌లోనే ఎందుకు పెట్టుకుంటున్నాయి? నిజానికి రెండో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటిది దానంతటదే తేలిపోతుంది.

సూటిగా చెబుతున్నాను. మొత్తం మార్చకండి. ఏడాది పొడవునా ఒకే డ్రాయింగ్ మీద నడిచే పెద్ద బ్యాచ్ పనిని మార్చండి. కొత్త పార్టులు, చిన్న బ్యాచ్‌లు, బయట నాలుగైదు చోట్లకు వెళ్లి రావాల్సిన పని జీడిమెట్ల, బాలానగర్ చుట్టుపక్కలే ఉంచండి, చిన్న షెడ్డులో అయినా సరే.

నేను ఒక ప్రభుత్వ రంగ సంస్థ పర్చేజ్ విభాగంలో ఉద్యోగం మొదలుపెట్టాను. తర్వాత చాలాకాలం ఒక ప్రైవేటు కంపెనీకి వెండర్లను తయారుచేసే పని చూశాను. ఇప్పుడు చిన్న యూనిట్లకు సలహాలిస్తున్నాను. అందుకే దీన్ని కొనేవాడి వైపు నుంచీ, చేసేవాడి వైపు నుంచీ చూశాను.

మీరు కట్టే అద్దె నాలుగు గోడలకూ రేకులకూ మాత్రమే అనుకుంటున్నారు. అందులో పెద్ద భాగం ఇరుగుపొరుగు కోసం కడుతున్నారు. ఒక్క పార్టు వెంట నడిచి చూడండి, తెలిసిపోతుంది. నలభై పీసుల ఆర్డర్ వచ్చిందనుకుందాం. అల్లాయ్ స్టీల్ బార్ రాణిగంజ్‌లోనో బాలానగర్‌లోనో డీలర్ దగ్గర కొంటారు. సర్టిఫికెట్ మీద అనుమానం ఉంటే ఒక ముక్క కోసి టెస్టింగ్ ల్యాబ్‌కు పంపుతారు. రఫ్ టర్నింగ్, అంటే మొదటి కోత, మీ దగ్గర. హార్డెనింగ్, టెంపరింగ్, అంటే వేడిచేసి లోహాన్ని గట్టిపరచడం, వేరే వాళ్ల ఫర్నేస్‌లో. మళ్లీ మీ దగ్గరికి వచ్చి ఫినిషింగ్. కీవే (గాడి) కోసం వైర్ కట్ మెషిన్ ఉన్నాయన దగ్గరికి, ఓడీ (బయటి వ్యాసం) గ్రైండింగ్‌కు ఇంకో వీధికి, పగుళ్ల పరీక్షకు మరో చోటికి, ఆ తర్వాత ప్లేటింగ్‌కు. ఆఖర్న సీఎంఎం (కొలతలు తీసే మెషిన్) రిపోర్టు, ప్యాకింగ్. అరడజను మంది యజమానుల చేతులు మారితే తప్ప ఆ పార్టు పూర్తికాదు. బాలానగర్‌లో ఇదంతా ఒక ఆటో ట్రాలీ తిరిగే దూరంలో జరిగిపోతుంది.

ఇవన్నీ మనమే పెట్టుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. వాక్యూమ్ ఫర్నేస్ ధర కోట్లలో ఉంటుంది. మీ నలభై పీసులతో అది నిండదు. అది లాభంలో నడవాలంటే చుట్టూ పదుల సంఖ్యలో యూనిట్లు రోజూ సరుకు తెచ్చి వేయాలి. ఆ ఫర్నేస్ యజమాని మీ కోసం ఊరికి రాడు, ఎందుకంటే మిగతావాళ్లంతా ఇక్కడే ఉన్నారు. మిగతావాళ్లు కూడా కదలరు, ఎందుకంటే ఫర్నేస్ ఇక్కడే ఉంది. పరిశ్రమలు ఒకచోట గుమికూడటానికి అసలు కారణం ఇదే. ఒక్కడికి అందని ఖర్చును వందమంది పంచుకుంటున్నారు, అది కూడా ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టకుండానే.

ఇప్పటిదాకా చెప్పింది కంటికి కనిపించే పని. దీనికి రెట్టింపు ఉంటుంది కనిపించని పని. మైక్రోమీటర్లు, గేజ్‌లు క్యాలిబ్రేట్ చేసేవాళ్లు, పార్టును బిగించే ఫిక్చర్ డిజైన్ చేసేవాళ్లు, మెషిన్‌ను నడిపే క్యామ్ ప్రోగ్రాం రాసేవాళ్లు, ఐఎస్‌వో, ఏఎస్ 9100 (విమాన పరిశ్రమ నాణ్యతా ప్రమాణం) ఆడిట్‌కు కాగితాలు సిద్ధం చేసేవాళ్లు, సీఏ, కస్టమ్స్ బ్రోకర్, మెషిన్ లోన్ అంటే ఏమిటో తెలిసిన బ్యాంకు మేనేజర్, స్పిండిల్ పోతే వచ్చే సర్వీస్ ఇంజినీరు. వీళ్లెవరూ మీ జీతాల పట్టికలో ఉండరు. కానీ వీళ్లు లేని రోజున మీ మెషిన్ నిలబడిపోతుంది.

సర్వీస్ ఇంజినీరు సంగతే తీసుకోండి. మెషిన్ తయారీ కంపెనీ తన ఇంజినీర్లను ఎక్కడ ఉంచుతుంది? తాను అమ్మిన మెషిన్లు ఎక్కువగా ఉన్నచోట. జీడిమెట్లలో పొద్దున ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి వస్తాడు, ఆ వీధిలో అతనికి ఇంకో రెండు కాల్స్ ఎలాగూ ఉంటాయి. దూరంగా ఒంటరిగా ఉన్న షెడ్డుకైతే "గురువారం అటువైపు వస్తున్నా సార్, అప్పుడు చూస్తా" అంటాడు. ఆ మధ్యలో పోయిన షిఫ్టులకు మీ అద్దె ఆదాతో పోల్చి లెక్క కట్టండి.

ఇదంతా ఇక్కడే ఎందుకు పోగయిందో కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి, లేకపోతే ఇంకోచోట కూడా ఇలాగే త్వరగా వచ్చేస్తుందని అనిపిస్తుంది. మెషిన్ టూల్స్ చేసిన ప్రాగా టూల్స్ 1943 నాటిది. ఆజామాబాద్ పారిశ్రామికవాడ అంతకుముందే నిజాం కాలంలో వచ్చింది. 1960లలో వరుసగా రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, బాలానగర్‌లో విమానాల సంస్థ హెచ్‌ఏఎల్, మందుల సంస్థ ఐడీపీఎల్, 1967లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చాయి. క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్ కూడా ఆ దశకంలోనే ఢిల్లీ నుంచి ఇక్కడికి మారింది. తర్వాత న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, 1973లో ప్రత్యేక లోహాల సంస్థ మిధాని. వీటిలో చాలావి చిన్న చిన్న సంఖ్యల్లో, చాలా కచ్చితమైన కొలతలతో పార్టులు అడిగే సంస్థలు. ఆ కొలతలు అందుకోవడానికి బాలానగర్‌లో షెడ్లు పుట్టాయి. 1968లో అక్కడే ఐక్యరాజ్యసమితి సాయంతో కేంద్ర ప్రభుత్వం టూల్ డిజైన్ సంస్థ పెట్టింది, అదే మనం సీఐటీడీ అంటున్నది. టూల్ రూమ్ మనుషులను అది తరతరాలుగా తయారుచేస్తూనే ఉంది. 1970లో బాలానగర్‌లో మొదలైన ఎంటార్ అనే సంస్థ అణు రియాక్టర్ల భాగాలు, ఇస్రో రాకెట్లలోని వికాస్ ఇంజిన్ల భాగాలు చేసే స్థాయికి చేరింది. ఒక్క షెడ్డు అంత ఎత్తుకు ఎదగాలంటే చుట్టూ పైన చెప్పిన పనుల అల్లిక అంతా ఉండాలి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు వస్తాను. దానికి మందుల పరిశ్రమ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1970 పేటెంట్ చట్టం 1972లో అమల్లోకి వచ్చాక మందుకు కాకుండా, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంట్ దక్కేది. వేరే పద్ధతిలో అదే మందు చేయగల కెమిస్టు ఉంటే చాలు. అలాంటి కెమిస్టులు ఐడీపీఎల్‌లోనూ, ఉప్పల్ దారిలోని రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీలోనూ, అంటే ఇప్పటి ఐఐసీటీలోనూ ఉన్నారు. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికి వచ్చిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆ దారిలో ఇంకా చాలామంది వచ్చారు. ఐడీపీఎల్ హైదరాబాద్ ప్లాంట్‌లో ఉత్పత్తి ఎప్పుడో ఆగిపోయింది. అది తయారుచేసిన మనుషులు, వాళ్ల చుట్టూ పెరిగిన పనులు మాత్రం నగరంలోనే మిగిలాయి.

2005లో మందుకే పేటెంట్ ఇచ్చే విధానం మళ్లీ వచ్చింది. అప్పటికే అమెరికా, యూరప్ ఎగుమతులు పెరుగుతున్నాయి. ఎగుమతి అంటే రసాయనాలు కలిపే రియాక్టర్‌తో పాటు కాగితం పని. డీఎంఎఫ్ (మందు తయారీ వివరాల ఫైలు) ఫైలింగ్, స్టెబిలిటీ డేటా, ఇంప్యూరిటీ పరీక్షలు, బయో ఈక్వివలెన్స్ (అసలు మందుతో సమానంగా పనిచేస్తుందని చూపడం), పేటెంట్ వెతుకులాట, అమెరికా ఎఫ్‌డీఏ ఆడిట్‌కు సిద్ధం కావడం. ఒక్కో పనికి ఒక్కో రకం సంస్థలు పుట్టాయి. కంపెనీలు మాత్రం ప్లాంట్లను బయటికి తీసుకెళ్లాయి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లో మాత్రల ప్లాంట్లు, విశాఖ దగ్గర పరవాడలో బల్క్ డ్రగ్ (మందుల ముడి పదార్థం) ప్లాంట్లు వచ్చాయి. రసాయన వ్యర్థాలను శుద్ధి చేశాక వదలడానికి విశాఖలో సముద్రం ఉంది, రేవు ఉంది. హైదరాబాద్‌లో ఆ సౌకర్యం లేదు. కాబట్టి రసాయనం అటు వెళ్లింది. పరిశోధన, రెగ్యులేటరీ, అమ్మకాలు, ఫైనాన్స్ ఇక్కడే ఉండిపోయాయి.

నాకు తెలిసిన ఒక డాక్యుమెంటేషన్ సంస్థ ఉంది, కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ పై అంతస్తులో నడుస్తుంది. వాళ్ల క్లయింట్ల ప్లాంట్లు సగం పరవాడలోనే ఉన్నాయి. ఆడిట్ ఉందంటే రాత్రి రైలెక్కి వెళ్తారు. "అమ్మా, విశాఖలోనే ఆఫీసు పెట్టేయొచ్చు కదా?" అని దాన్ని నడిపే ఆవిడను అడిగాను. ఆవిడ చెప్పింది విన్నాక నాకు చాలా విషయాలు తేటపడ్డాయి. ప్లాంట్‌లో పని ఏడాదిలో కొన్ని వారాలే ఉంటుంది. పని ఇవ్వాలా వద్దా అని నిర్ణయించే క్వాలిటీ హెడ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. ఇక మనుషులు. వాళ్ల దగ్గర పనిచేసే అమ్మాయిలు రెండేళ్లకొకసారి కంపెనీ మారతారు, మళ్లీ ఇంకొకరు అటు నుంచి ఇటు వస్తారు. అలా మారడానికి అవకాశం లేని ఊరికి అనుభవం ఉన్నవాళ్లు రారు. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు దొరికే ఊరే కావాలంటారు.

ఇంతకీ నేను చూసిన సూత్రం ఇది. సరుకు లారీలో వెళ్తుంది, తలలో ఉన్న తెలివి అంత తేలిగ్గా వెళ్లదు. ఒక రియాక్టర్‌కు ఎకరాలు కావాలి, కాబట్టి దానికి చవక భూమి కావాలి. ఒక రెగ్యులేటరీ నిపుణుడికి ఒక టేబుల్ చాలు, అతను సంపాదించే ఆదాయంతో పోలిస్తే ఆ టేబుల్‌కు పడే అద్దె చిన్నదే. నగరంలో అద్దె పెరిగేకొద్దీ ఎక్కువ స్థలం తినే పని బయటికి జరుగుతుంది, తక్కువ స్థలంలో ఎక్కువ సంపాదించే పని నడిమధ్యకు చేరుతుంది. శ్రీసిటీ పారిశ్రామికవాడను చూడండి. ఫ్యాక్టరీలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. రేవు, విమానాశ్రయం, వృత్తి సేవలు చాలావరకు గంటన్నర దూరంలోని చెన్నై నుంచే అందుతాయి. రాష్ట్ర సరిహద్దు దీన్ని ఆపలేదు.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. హైటెక్ సిటీ ఉంది కాబట్టి మన షెడ్లకు దానంతటదే లాభం వచ్చేస్తుందని అనుకోకండి. సైబర్ టవర్స్ 1998లో మొదలైంది, కానీ అక్కడి సాఫ్ట్‌వేర్ పనిలో ఎక్కువ భాగం విదేశీ కస్టమర్లకే. బాలానగర్ షెడ్డుకూ మాదాపూర్ ఆఫీసుకూ మధ్య చాలాకాలం మాటలే లేవు. ఆ గీత చెరిపినవి ఇంజినీరింగ్ డిజైన్ సంస్థలు. 1991లో ఇక్కడ ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌గా మొదలైన సయెంట్ విమాన ఇంజిన్ల కంపెనీలకు డిజైన్ సేవలిస్తూ, తర్వాత మైసూరులోని ఎలక్ట్రానిక్స్ తయారీ సంస్థ రాంగ్‌సన్స్‌లో మెజారిటీ వాటా కొనుక్కుంది. డిజైన్ చేసేవాడికి తయారీ అవసరం ఎలా పడుతుందో అక్కడ కనిపిస్తుంది. 2023లో తెరిచిన టీ-వర్క్స్ అనే ప్రభుత్వ కేంద్రం కూడా ప్రోటోటైప్‌ల (తొలి నమూనాల) కోసం ఈ రెండు లోకాలను కలపడానికే. మీ పార్టులకు ఒకసారి అక్కడికి వెళ్లి చూసి రండి, ఉపయోగపడుతుంది.

మీ పరిస్థితికి దగ్గరగా ఉన్న ఒక కేసు చెబుతాను. యజమాని నాకు బాగా తెలుసు, పేరు వద్దు. జహీరాబాద్ దారిలో సొంత భూమి ఉందని మెషిన్లన్నీ తరలించాడు. అద్దె మిగిలింది, అందులో అబద్ధం లేదు. కష్టం వేరేచోట మొదలైంది. హార్డ్‌నెస్ తక్కువ వచ్చిందని ఒక బ్యాచ్ వెనక్కి వచ్చింది. మామూలుగా బాలానగర్‌లో అయితే ఫర్నేస్ ఆయన, ఇతను ఇద్దరూ టెస్టర్ ముందు నిలబడి పీసు పెట్టి చూసి గంటలో తేల్చుకునేవారు. ఇప్పుడు ఫోటోలు, ఫోన్లు, "నీ మెటీరియలే తేడా అన్నా" అంటే "నీ సోక్ టైమ్ తక్కువ, ఫర్నేస్‌లో చాలినంతసేపు ఉంచలేదు" అని వాదన, బండి మీద సరుకు మళ్లీ వెనక్కి. డెలివరీ తేదీ దాటిపోయింది. ఆ తర్వాత మెషిన్‌ను పనికి సిద్ధం చేసే ఇద్దరు మంచి సెట్టర్లు మానేశారు, వాళ్ల పిల్లల బడి కూకట్‌పల్లిలో ఉంది. చివరికి బాలానగర్‌లో ఒక చిన్న షెడ్డు మళ్లీ తీసుకుని రెండు మెషిన్లు, ఇన్‌స్పెక్షన్ టేబుల్ పెట్టాడు. కొత్త పార్టులన్నీ అక్కడ నిలదొక్కుకున్నాకే ఊరికి వెళ్తాయి. పంపు షాఫ్టుల పెద్ద బ్యాచ్‌లు జహీరాబాద్ వైపే నడుస్తున్నాయి. ఇప్పుడు బాగున్నాడు.

పూర్తిగా బయటికి వెళ్లి బాగుపడినవాళ్లూ ఉన్నారు. అట్టపెట్టెలు చేసే ఒక కుటుంబం సంతోషంగా జడ్చర్ల వైపు వెళ్లింది. వాళ్ల కస్టమర్లయిన మందుల ప్లాంట్లు అప్పటికే అక్కడికి చేరాయి. అట్టపెట్టెల లారీలో బరువు కన్నా గాలే ఎక్కువ ఉంటుంది, కాబట్టి దూరం పెరిగేకొద్దీ రవాణా ఖర్చు తినేస్తుంది. వాళ్ల పనికి బయట ప్లేటింగ్, ఫర్నేస్ అక్కర్లేదు. పేపరు రీళ్లు వస్తాయి, పెట్టెలు పోతాయి. అలాంటి పనికి కస్టమర్ పక్కనే ఉండటం సరైనది.

ప్రభుత్వం పారిశ్రామిక పార్కు ప్రకటించిందని మాత్రమే నమ్మి ముందుగా వెళ్లకండి. రోడ్డు, ప్లాటు, కరెంటు ఉంటే షెడ్లు వస్తాయి, అల్లిక రావడానికి పెద్ద కొనుగోలుదారు కావాలి. ఆదిబట్ల ఏరోస్పేస్ పార్కు నిలబడిందంటే టాటా యూనిట్లు, 2018లో మొదలైన టాటా బోయింగ్ వంటి పెద్ద ప్లాంట్లు వచ్చి నిలబడ్డాయి కాబట్టి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకోవడం కూడా తోడైంది. ఇది మీకు నేరుగా సంబంధించిన విషయం. షాద్‌నగర్ నుంచి శంషాబాద్, ఆదిబట్ల వైపు చేరడం జీడిమెట్ల చేరడం కన్నా సులువు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉన్నా, నగరం ఉత్తరాన ఉన్న ప్లేటింగ్ షాపుకు రోజూ బండి పంపడం వేరు, దక్షిణాన ఉన్న కస్టమర్‌కు వారానికి రెండుసార్లు డెలివరీ ఇవ్వడం వేరు. మీ కస్టమర్లు ఎటువైపు ఉన్నారో మీ ప్రశ్నలో రాయలేదు. ఏరోస్పేస్ పని దక్షిణం వైపు పెరుగుతుంటే మీ మామగారి భూమి విలువ మీకు ఇంకా ఎక్కువ.

గుమికూడటంలో మంచి మాత్రమే చెప్పి వదిలేస్తే అన్యాయం. పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లు మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలతో దశాబ్దాలు బాధపడ్డాయి, నక్కవాగు పాడైంది, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జీడిమెట్ల నీటిని మీరు రోజూ చూస్తూనే ఉంటారు. ఉమ్మడి శుద్ధి ప్లాంట్లు కూడా పరిశ్రమలు ఒకచోట ఉండటం వల్లే సాధ్యమయ్యాయి, కానీ అవి వచ్చేలోపు నష్టపోయింది చెరువుల కింద వ్యవసాయం చేసినవాళ్లు. మీరు ఊరికి వెళ్లేటప్పుడు కూలెంట్, నూనె మురికి ఎక్కడికి పంపాలో ముందే మాట్లాడుకోండి. అక్కడ పక్కనే పొలాలుంటాయి.

నిర్ణయం తీసుకునే ముందు ఒక పని చేయండి. గత ఆరు నెలల చలాన్లు తీయండి. ప్రతి పార్టు నంబరుకూ మూడు విషయాలు రాయండి: అది ఎన్నిసార్లు బయటికి వెళ్లి వచ్చింది, ఎన్నిసార్లు రీవర్క్‌కు తిరిగొచ్చింది, దాని కోసం కస్టమర్ ఇన్‌స్పెక్టర్‌గానీ సర్వీస్ ఇంజినీరుగానీ ఎన్నిసార్లు మీ షెడ్డుకు రావాల్సి వచ్చింది. మూడూ తక్కువగా ఉన్న పార్టులు షాద్‌నగర్ వెళ్లొచ్చు. వాటితోనే అక్కడ మెషిన్లు రెండు షిఫ్టులు నిండితే మారడం లాభం. నిండకపోతే భూమిని అలాగే ఉంచండి, అది ఎక్కడికీ పోదు.

పన్ను సంగతి క్లుప్తంగా చెబుతాను, మిగతాది మీ సీఏతో మాట్లాడండి. షాద్‌నగర్ తెలంగాణలోనే ఉంది కాబట్టి అదే జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో అదనపు వ్యాపార స్థలంగా చేర్చుకోవచ్చు, రెండు షెడ్ల మధ్య సరుకు తిరిగితే పన్ను పడదు, చలాన్ చాలు. అదే కర్నూలు వైపు భూమి అయి ఉంటే వేరే రిజిస్ట్రేషన్, పంపిన ప్రతిసారీ పన్నుతో ఇన్‌వాయిస్. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు మర్చిపోకండి. జాబ్ వర్క్‌కు పంపిన మెటీరియల్ ఏడాదిలోపు తిరిగి రావాలి, ఐటీసీ-04 ఫారంలో చూపాలి. దూరం పెరిగాక ఈ కాగితాలు పేరుకుపోతాయి, దానికొక మనిషిని పెట్టుకోండి. మీ దగ్గర పని తీసుకునే చిన్నవాళ్లు ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉన్న తయారీదారులైతే రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి, గడువు దాటి ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు కూడా ఇవ్వకపోతే ఆ ఏడాది ఆదాయపు పన్నులో ఆ ఖర్చు చూపుకోలేరు. బాలానగర్‌లో మాట మీద నడిచే అప్పు కొత్తచోట మొదట్లో దొరకదు, కాబట్టి వర్కింగ్ క్యాపిటల్ కొంచెం ఎక్కువ పెట్టుకోండి.

భూమి వ్యవసాయ భూమి అయితే నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చడం), తర్వాత టీజీఐపాస్ (పరిశ్రమలకు అనుమతులిచ్చే రాష్ట్ర ప్రభుత్వ వ్యవస్థ)లో అనుమతులు, పవర్ లోడ్ ఎంత దొరుకుతుందో డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోవడం, ఈ వరుసలో వెళ్లండి. మీ ప్రశ్న కిందనే ఎవరో ప్లేటింగ్ లైన్ కూడా అక్కడే పెట్టేసుకోమని సలహా ఇచ్చారు. ప్లేటింగ్ కాలుష్య మండలి దగ్గర రెడ్ కేటగిరీలోకి, అంటే ఎక్కువ కాలుష్యం చేసే పరిశ్రమల జాబితాలోకి వస్తుంది. అనుమతి దొరకడం, ఆ నీటిని శుద్ధి చేయడం మీ మెషిన్ల ఖర్చు కన్నా పెద్ద వ్యవహారం. ప్లేటింగ్ ఇప్పుడు చేస్తున్నవాళ్ల దగ్గరే ఉంచండి. చలాన్ల లెక్క తీశాక ఇక్కడ పెడితే పార్టు వారీగా చూసి చెబుతాను.